లా చదవాలనుకుని చరిత్ర ఎందుకు తీసుకున్నానంటే

మా అమ్మమ్మ పెళ్లి 1983లో జరిగింది. ఆవిడ చెల్లెలు, అంటే మా చిన్నమ్మమ్మ పెళ్లి 1987లో. డిగ్రీలో ఏ మేజర్ తీసుకోవాలో తేల్చుకోలేక సతమతమవుతున్న రోజుల్లో నాకు దారి చూపినవి ఈ రెండు పెళ్లిళ్లే.

2023లో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాను. న్యాయవాదిని కావాలన్న కోరిక పదో తరగతి నుంచే ఉంది. ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు, లేదా మూడేళ్ల డిగ్రీ తరువాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవవచ్చు. మొదటి దారిలో ఒక ఏడాది కలిసొస్తుంది కానీ మాకు హాస్టల్ ఖర్చు భరించే స్తోమత లేదు. బస్సులో నలభై నిమిషాలు వెళితే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. కాబట్టి రెండో దారే.

చిక్కంతా మేజర్ దగ్గర వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా ఆ ఏడాదే మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి ఒకే మేజర్ పద్ధతి మొదలైంది. మా సీనియర్లు హెచ్‌ఈపీలో చేరితే చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడూ చదువుకున్నారు. నేను ఒక్కదాన్నే ప్రధానంగా ఎంచుకోవాలి. నాన్న ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. "బీకాం చదువమ్మా, కోర్టు కలిసి రాకపోయినా లెక్కలు తిండి పెడతాయి" అన్నారు. తీసిపారేయదగ్గ మాట కాదు. చెక్కు బౌన్సు కేసులు, పన్నుల వ్యవహారాలు చూసే న్యాయవాదికి బీకాం నిజంగా అక్కరకొస్తుంది. మామయ్యేమో రాజ్యాంగం అందులోనే ఉంటుంది కదా అని రాజనీతిశాస్త్రం వైపు మొగ్గారు. ఎల్‌ఎల్‌బీ ప్రవేశ పరీక్ష లాసెట్ రాయడానికి మాత్రం ఏ డిగ్రీ అయినా ఒకటే, జనరల్ వాళ్లకు 45 శాతం మార్కులుంటే చాలు. ఆ సంగతి తెలిశాక నా అయోమయం ఇంకా పెరిగింది.

ఆ వేసవిలో అమ్మమ్మ పుట్టింటికి వెళ్లాం. ఆవిడ అన్నయ్యను నేను పెద్దతాతయ్య అంటాను. బ్యాంకులో పంట రుణం కోసం పాత కాగితాలు బయటికి తీశారు. చూపు ఆనక నన్ను చదివి పెట్టమన్నారు. 1996 నాటి భాగపంపకాల దస్తావేజు అది. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించి ఉంది. పూర్వీకుల పొలం నాలుగు ఎకరాల ఇరవై సెంట్లు మూడు వాటాలు. ఎ షెడ్యూలు ముత్తాతకు, బి షెడ్యూలు పెద్దతాతయ్యకు, సి షెడ్యూలు చిన్నమ్మమ్మకు. మొదటి పేజీ నుంచి సాక్షుల సంతకాల దాకా చదివాను. అమ్మమ్మ పేరు ఎక్కడా లేదు.

"అప్పటికే అమ్మమ్మకు పెళ్లయిపోయింది. అలాంటి వాళ్లకు చట్టంలో లేదన్నారమ్మా" అన్నారు పెద్దతాతయ్య. ఆయన అన్యాయం చేసే మనిషి కారు. ఇంటికొచ్చి ఆ చట్టం వెతికాను. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకూ పుట్టుకతోనే హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణ అది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించదు. 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ వచ్చిన సవరణలో ఆ తేడా పోయింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను అది ముట్టుకోలేదు. మొదటి చట్టం వచ్చేసరికి అమ్మమ్మకు పెళ్లయింది, రెండోది వచ్చేసరికి పంపకం అయిపోయింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి పొలం ఉంది, ఒకరికి లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెక్షన్లు ఎల్‌ఎల్‌బీలో ఎలాగూ చదువుతాను. ఆ తేదీ ఎందుకు పెట్టారు, ఎవరు అడిగారు, పెళ్లయిన వాళ్లను ఎందుకు వదిలేశారు? ఇవి తెలియకుండా చట్టం చదివితే నాకు తృప్తి ఉండదనిపించింది. మర్నాడు నాన్నకు చరిత్ర తీసుకుంటానని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత దరఖాస్తు రుసుము కట్టడానికి తనే నాతో వచ్చారు. మైనర్‌గా, అంటే మేజర్ పక్కన చదివే రెండో సబ్జెక్టుగా, రాజనీతిశాస్త్రం తీసుకుని మామయ్య మాటా నిలబెట్టాను.

తరగతిలో మా మేడం ఏ పత్రం ఇచ్చినా ముందు అడిగే ప్రశ్నలు నాలుగు: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, ఇందులో ఎవరి గొంతు లేదు? నాలుగోది విన్న ప్రతిసారీ ఆ దస్తావేజే కళ్లముందుకొస్తుంది. హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను మార్చడానికి తెచ్చిన హిందూ కోడ్ బిల్లును ముందుకు కదలనివ్వకపోవడం 1951లో అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఒక ముఖ్య కారణమని రెండో ఏడాదిలో చదివాను. 1956లో వారసత్వ చట్టం వచ్చినా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే మిగిలింది. 1985 దాకా మా ఇంటి ఆడవాళ్లు ఏ గడప బయట నిలబడ్డారో నాకు అప్పుడు అర్థమైంది.

దారి పొడవుగానే ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే డిగ్రీతో మొదలుపెడితే తొమ్మిదేళ్లు. ఇంటర్ పిల్లలు ఎవరైనా నన్ను అడిగితే ఈ లెక్క ముందే చెబుతాను. అన్నేళ్ల దారిలో మొదటి మూడేళ్లు ఇష్టం లేని సబ్జెక్టుతో గడపవద్దనీ చెబుతాను.

మొన్న సెలవుల్లో ఈ చట్టాల కథంతా అమ్మమ్మకు చెప్పాను. చిక్కుళ్లు ఒలుస్తూ మొత్తం విన్నది. చివరికి ఒక్కటే అడిగింది, గట్టు మీది చింతచెట్టు ఎవరి వాటాలో రాశారని. దక్షిణం హద్దులో ఉంది, సి షెడ్యూలు, చిన్నమ్మమ్మ వాటా అన్నాను. "దానికే రావాలి. చిన్నప్పుడు ఎప్పుడూ ఆ చెట్టు మీదే ఉండేది" అంది.