విశాఖ వాతావరణం అర్థం కావాలంటే ముందు గాలి దిక్కు చూడాలి

విశాఖపట్నంలో ఏ నెలలో ఎంత ఎండ, ఎంత వాన అని పట్టిక వేసుకుంటే సగం సంగతే తెలుస్తుంది. మే నెలలో నిన్న 34 డిగ్రీలున్న ఊరు ఇవాళ 40కి పాకుతుంది. గాలి సముద్రం మీది నుంచి రావడం మానేసి పడమటి నుంచి వీచిందంటే చాలు. ఇక్కడి వేసవికి, వానకి, చలికి కూడా మూలం గాలి దిక్కే.

ముందుగా ఒక చిక్కు. ఊరికి రెండు ఉష్ణోగ్రతలుంటాయి. వాతావరణ శాఖ వాల్తేరులోనూ కొలుస్తుంది, విమానాశ్రయంలోనూ కొలుస్తుంది. వాల్తేరు సముద్రం పక్కన మెరక మీద ఉంటుంది. విమానాశ్రయం లోపలి పల్లంలో, కొండల మధ్య ఉంటుంది. వేసవి పగళ్లు విమానాశ్రయంలో ఎక్కువ వేడి, చలికాలం తెల్లవారుజాములు అక్కడే ఎక్కువ చలి. ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి వైపు ఉండేవాళ్లు విమానాశ్రయం అంకె చూసుకోవాలి. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వాళ్లకు వాల్తేరు అంకె సరిపోతుంది. పేపర్లో "విశాఖ" అని ఒకే అంకె వేస్తే అది ఎవరిదో చెప్పరు!

మార్చి నుంచి జూన్ తొలి వారం దాకా రోజు ఎలా ఉంటుందో ఉదయం పది, పదకొండు గంటల మధ్య తేలిపోతుంది. నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రగాలి వస్తుంది. వచ్చిందంటే వాల్తేరు ప్రాంతం 34, 35 దగ్గర ఆగిపోతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రగాలిని తీరం దాటనివ్వదు. ఒక్కోసారి మధ్యాహ్నం రెండు, మూడు దాకా అది ఒడ్డు అవతలే ఉంటుంది, ఈలోగా లోపలి ప్రాంతాలు 40 దాటేస్తాయి. అందుకే పదకొండింటికి చెట్ల కొమ్మలను గానీ, మేడ మీది జెండాను గానీ చూడండి. గాలి ఇంకా కొండల వైపు నుంచే వస్తుంటే బయటి పనులు సాయంత్రానికి వాయిదా వేసుకోవడం మేలు. తీరప్రాంతానికి వడగాడ్పు లెక్క కూడా వేరు. మైదానాల్లో 40 డిగ్రీలు చేరాక చూస్తారు. తీరంలో 37 చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పుగా ప్రకటించవచ్చు.

సముద్రగాలి వచ్చిన రోజు హాయి అనుకోకండి. 34 డిగ్రీలు, 70 శాతం తేమ అంటే ఒంటికి తెలిసే వేడి 45కు అటూ ఇటూ. చెమట ఆరదు, అదే ఉక్కపోత. ఎయిర్ కూలర్ కొని తిట్టుకునేవాళ్లంతా ఈ లెక్క దగ్గరే దెబ్బతింటారు. పడమటి గాలి రోజున 42 డిగ్రీలు, 25 శాతం తేమ ఉంటే మంచి కూలరు గాలిని 30కి దగ్గరగా దించుతుంది. ఉక్క రోజున అదే కూలరు నాలుగు డిగ్రీలు తగ్గించి, గదిలో తేమను 90 దాటిస్తుంది. విశాఖలో ఉక్క రోజులే ఎక్కువ కనుక తీరం దగ్గరి ఇంటికి కూలరు దండగ అని నా అభిప్రాయం. పెట్టుకున్నా కిటికీ బయటి నుంచి గాలి లాగేలా పెట్టి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. ఏసీ ఉంటే ఉక్క రాత్రుల్లో 22కు దించే బదులు 26లో, డ్రై మోడ్‌లో నడిపి చూడండి.

మే నెలలో బంగాళాఖాతంలో తుపాను అనగానే వాన పడుతుందని ఆశపడతారు. అది ఒడిశా, బెంగాల్ వైపు వెళ్తే చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. తుపాను చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది మనకు ఉత్తరాన ఉంటే మనకు తగిలేది వాయవ్య, పడమటి గాలి, అంటే లోపలి నేల మీది పొడి వేడి. 2019లో పూరీ దగ్గర తీరం దాటిన ఫణి, 2020లో బెంగాల్ వెళ్లిన అంఫన్ ఆ దారివే. 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా లాంటిది దక్షిణాన ఉంటే మాత్రం మనకు తూర్పు గాలి, దాంతోపాటు వాన.

నైరుతి రుతుపవనాలు జూన్ రెండో వారానికి అటూ ఇటూగా వస్తాయి. పశ్చిమ తీరంలోలా రోజంతా కురుస్తుందని ఎదురుచూడొద్దు. మధ్యాహ్నం తూర్పు కనుమల మీద మేఘాలు లేచి, సాయంత్రమో రాత్రో పడమటి నుంచి ఉరుముతూ ఊరి మీదికి వస్తాయి. వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడే రెండు మూడు రోజులు వదలని ముసురు. అల్పపీడనం లేని వారంలో జూలై కూడా మేలాగే ఉక్కపోస్తుంది.

అసలు వాన నెల అక్టోబరు. నైరుతి వెనుదిరుగుతూ, సముద్రం ఇంకా వేడిగా ఉండే ఈ కాలంలోనే వాయుగుండాలు తీరానికి నేరుగా వస్తాయి. వార్తల్లో మాటలకు లెక్కలున్నాయి. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు ఓడల కోసం. మూడో నంబరు చూసి ఇంట్లో కంగారు పడక్కర్లేదు. మీ జిల్లా పేరు ఏ రంగు హెచ్చరికలో ఉందో చూసుకోండి.

తుపాను దక్షిణాన కాకినాడ వైపు దాటితే విశాఖకు ఈశాన్య, తూర్పు గాలులు, పెద్ద అలలు, వాన. ఉత్తరాన కళింగపట్నం వైపు దాటితే గాలి నేల మీది నుంచి వస్తుంది కనుక ఉప్పెన భయం తక్కువ. అంతమాత్రాన వాన తప్పిందనుకోవద్దు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి విశాఖను వాన ముంచెత్తింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా ఊరి మీదే తీరం దాటింది, గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలితో. తుపాను కన్ను మీ నెత్తి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పుడు బయటికి రాకండి. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. మొదటి గాలికి ఒక పక్కకు వంగిన రేకులు, కొమ్మలు రెండో గాలికి ఊడి ఎగురుతాయి.

హుద్‌హుద్ తర్వాత కరెంటు రోజుల తరబడి లేదు. మోటారు తిరగక అపార్ట్‌మెంట్లలో నీళ్లూ లేవు. కాబట్టి హెచ్చరిక రాగానే మొదటి పని మేడ మీది ట్యాంకు నింపడం. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీరు చొప్పున మూడు రోజులకు పట్టి ఉంచండి. కొంత నగదు చేతిలో ఉండాలి, కరెంటు లేకపోతే ఏటీఎంలూ ఫోన్ చెల్లింపులూ పనిచేయవు. ఖాళీ సింటెక్స్ ట్యాంకు ఎగిరిపోతుంది, నిండినది కదలదు. బాల్కనీలో కుండీలు లోపల పెట్టండి.

ముంపుకు కారణం ఊరి వాలు. కొండల మీద పడిన నీరు గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, క్షణాల్లో దిగుతుంది. ఆ సమయంలో సముద్రం పోటు మీదుంటే గెడ్డ నోటి దగ్గర నీరు వెనక్కి తన్నుతుంది. చావులమదుం వంతెన కింద, జ్ఞానాపురం పల్లాల్లో నీరు నిలిచేది అందుకే. భారీ వాన రోజు పోటు వేళ చూసుకుని ఆ దారులు తప్పించుకోండి.

నవంబరు చివరికి గాలి ఈశాన్యం నుంచి స్థిరంగా వీస్తూ తేమ తగ్గుతుంది. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఊరు చూడటానికి వచ్చేవాళ్లకు ఇదే అదును. కానీ గాలి నాణ్యత అత్యంత దిగజారేదీ ఈ నెలల్లోనే. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. మధ్యలో పల్లంలో పోర్టు, పరిశ్రమలు. రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. ధూళి, పొగ పైకి పోలేవు. ఎండ ఎక్కి ఆ పొర విడేసరికి తొమ్మిది దాటుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు తెల్లవారుజాము నడక మాని సాయంత్రం నాలుగున్నరకు నడిస్తే మంచిది.

ఫిబ్రవరి రెండో సగంలో గాలి దక్షిణం నుంచి వీయడం మొదలై, తేమతోపాటు ఉప్పు మోసుకొస్తుంది. ఏసీ సర్వీసు చేయించాల్సింది అప్పుడే. బీచ్‌కు దగ్గరుంటే, కరెంటు ఆపి, బయటి యూనిట్ రెక్కల మీద నెలకోసారి మంచినీళ్లు తక్కువ ధారతో పోయండి. ఉప్పు కడిగేస్తే రెక్కలు పొడిపొడిగా రాలకుండా ఇంకొన్నేళ్లు నిలుస్తాయి. గ్రిల్లుకు స్టీలు వాడితే 304 రకం మీద గోధుమరంగు మరకలు పడతాయి, 316 నయం. ఇల్లు కట్టేవాళ్లు కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు కాంక్రీటుకు కనీసం ఎం30 బలం, ఇనుప చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్ (చువ్వను కప్పే కాంక్రీటు మందం) అడిగి రాయించుకోవాలి. నేరుగా తుంపర తగిలే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. కవర్ బ్లాకులు చువ్వల కింద పెట్టారో లేదో కాంక్రీటు పోయకముందే దగ్గరుండి చూసుకోండి.