జ్వరం తగ్గిన రాత్రి

వారాసిగూడలో 22 ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. బేగంబజారు నుంచి సరుకు తేవడం, ఆరింటికి షట్టరు ఎత్తడం, ఆషాఢంలో బోనాలకు, భాద్రపదంలో వినాయక మండపానికి బస్తీ చందాల లెక్క రాయడం, ఇదే నా జీవితం.

పోయిన వినాయక చవితికి నాలుగు రోజుల ముందు జ్వరం పట్టుకుంది. కళ్ల వెనుక పోటు, ఒళ్లంతా కర్రతో బాదినట్టు నొప్పులు. పరీక్ష చేస్తే డెంగీ. పండగ నాటి ఉదయానికి ఒళ్లు చల్లబడింది. దగ్గరి క్లినిక్‌లో డాక్టరు నా వైపు సరిగా చూడకుండానే, ‘జ్వరం పోయిందిగా, కొట్టు తెరుచుకోండి’ అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మండిపోతుంది. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగాకే మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోవచ్చు. ఆయనకు ఇది తెలియదా?

రాత్రి పదకొండింటికి కడుపులో మెలిపెట్టింది. చేతులు మంచుగడ్డలయ్యాయి. దిండు గలీబు మీద రక్తం మరక చూసి నా భార్య కేక వేసింది. చిగుళ్ల నుంచి కారుతోంది. 108లో పెద్దాసుపత్రికి చేర్చారు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు 14 వేలు. లక్షన్నరకు తగ్గకుండా ఉండాల్సినవి.

రెండింటికి మండపం కుర్రాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకడి రక్తం సరిపోయింది. విగ్రహాన్ని తెచ్చిన ఊరేగింపు నుంచే వచ్చాడేమో, మోచేతి దాకా గులాల్. నర్సు రెండుసార్లు కడిగించినా గోళ్ల సందుల్లో ఎరుపు పోలేదు. గంటన్నర సేపు ప్లేట్‌లెట్లు తీసే యంత్రానికి చేయి అప్పగించి, తర్వాత నా మంచం దగ్గరికి వచ్చి, ‘కాకా, మీరు నిశ్చింతగా పడుకోండి’ అన్నాడు. వాడికి ఇరవై ఏళ్లు.

తెల్లవారుతుండగా తెర అవతల ఇంకో గొంతు వినిపించింది. పదిహేనేళ్లుగా సంఘంలో నా పక్కన కూర్చున్న మనిషి. ‘వదినా, చందా డబ్బు, పుస్తకం ఎక్కడ పెట్టాడో ఇప్పుడే అడగండి.’ నేను ఎలా ఉన్నానని అడగలేదు. పదిమంది డబ్బు, ఆయన కంగారు ఆయనది కావచ్చు. కానీ నేను చనిపోతున్నానని ఆ రాత్రి నాకు తెలిసింది ఆ మాటతోనే. ‘గల్లాపెట్టె కింది అర’ అని చెప్పడానికి నాలుక తిరగలేదు. ఒక్క రూపాయి తేడా రాని లెక్క అది.

ఆరు రోజులకు ఇంటికి వచ్చాను. నెల దాకా పంచదార బస్తా జరపలేకపోయాను.

డెంగీ తెచ్చే దోమ మురుగులో పుట్టదు. మంచినీళ్లలో పెరిగి పగలే కుడుతుంది. నా కొట్టు వెనుక మూత లేని నీలం డ్రమ్ములో పురుగులు నా కళ్లతో చూశాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం డ్రములు, కూలర్లు ఒంపించి, కొబ్బరి చిప్పలు ఏరిస్తున్నాను. ఇంకొకటి. జ్వరమని ఎవరు వచ్చినా గల్లాపెట్టె పక్క డబ్బాలోంచి నొప్పి మాత్రలు ఇచ్చేవాణ్ణి. డెంగీలో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయని డాక్టరమ్మ చెప్పారు. ఎంతమందికి ఇచ్చానో! ఆ డబ్బా తీసేశాను. జ్వరం దిగాక కడుపునొప్పి, వాంతులు వస్తే తెల్లవారే దాకా ఆగకండి.

నా భార్య మొక్కుకున్నట్టే ఈ ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి బోనం ఎత్తింది. మళ్లీ చవితి వస్తోంది. పుస్తకం తెచ్చి నా ముందు పెడితే ఆ కుర్రాడి చేతికే ఇచ్చాను. మొదటి గీత మీద వాడు నా పేరే రాశాడు. ఎదురుగా 1,116.