ఎక్స్‌రేలో కనపడని రాడ్లు

వెన్నులో గడ్డ అని తేలేదాకా మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ నాకు డాక్టరే. గ్యాస్ అన్నారు, బడిలో నిలబడి నిలబడి వచ్చిందన్నారు, నువ్వుల నూనె కాచి రుద్దమన్నారు. పగలు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువయ్యేది, లేచి కూర్చుంటేనే కాస్త నయం. అలా ఉంటే మామూలు నడుంనొప్పి అని వదిలేయకూడదట. మొదట చూపించుకున్న డాక్టరు ఆ ప్రశ్నే అడగలేదు, బెల్టు రాసిచ్చి పంపించాడు. ఆయన మీద కోపం ఇంకా పోలేదు.

బస్సు మెట్టుకి కాలు లేవని రోజున ఎం.ఆర్.ఐ. తీయించాం. వీపు మధ్యలో ఉండే డి9 అనే వెన్నుపూసను గడ్డ తినేసి వెన్నుపామును నొక్కుతోంది. ఆ తర్వాతంతా హడావుడే. చెన్నై, స్టెరాయిడ్లు, ఆపరేషన్, బయాప్సీ. ప్లాస్మాసైటోమా అన్నారు, అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల నుంచి ఒకచోట పుట్టే క్యాన్సర్ గడ్డ. గాయం మానాక రేడియేషన్ తప్పదన్నారు.

వెన్నును పట్టి ఉంచడానికి టైటానియం లోహం బదులు కార్బన్ ఫైబర్ రాడ్లు, స్క్రూలు వేస్తామని, ఖర్చు బాగా ఎక్కువని సర్జన్ మా ఆయనతో చెప్పారు. నా గాజులు కుదువకు పోయాయి. మా పెద్దత్త ఫోన్‌లో "అంత దుడ్డు పోసి ప్లాస్టిక్ పెట్టించుకున్నారా?" అనింది. (పూర్తిగా తప్పేం కాదులెండి. పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌లో కార్బన్ పోగులు కలిపి చేస్తారట.)

అసలు భయం చిత్తూరు తిరిగొచ్చాక పట్టుకుంది. ఒక రాత్రి బాత్రూమ్‌లో కాలు జారి గోడవారగా కూలబడ్డాను. వీపులో కలుక్కుమంది. మా తమ్ముడు ఆటో మాట్లాడి దగ్గర్లోని స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీసిన కుర్రాడు స్క్రీన్ వంక చూసి, "రాడ్లు వేసినారంటిరే మేడం, లోపల ఏమీ లేవే?" అని, ఇంకో పేషెంటును పిలిచేశాడు.

ఇంటికొస్తూనే మా తమ్ముడు ఊగిపోయాడు. "దుడ్డు తీసుకుని మోసం చేసినారు. ఆ డాక్టర్ని కాణిపాకం పిలిపించి వినాయకుడి ముందర ప్రమాణం చేయిద్దాం!" మా ఆయన డిశ్చార్జి ఫైలంతా మంచం మీద పరిచాడు. నేను వెల్లకిలా పడుకుని కాలివేళ్లు ఆడుతున్నాయా లేదా అని చూసుకుంటూ ఉండిపోయాను. మోసం సంగతి నాకు పట్టలేదు. ఎముక తీసేశారు కదా, వెన్నును పట్టి ఉంచేది ఏదీ లేకపోతే నేను దేని మీద నిలబడ్డట్టు? దగ్గొస్తే ఆపుకున్నాను. ఒంటికి వెళ్లాలన్నా లేవలేదు. మా అత్తమ్మ తల దగ్గర కూర్చుని గోవింద నామాలు చదువుతూ, మధ్యలో కునికి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది.

పొద్దున సర్జన్ ఫోన్ ఎత్తారు. ఫిల్మ్ ఫోటో వాట్సాప్‌లో చూసి నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. "కనపడకూడదనే కదమ్మా అవి వేసింది," అన్నారు. ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకుని వెన్నెముకకి అటూ ఇటూ చుక్కలు వెతకమన్నారు. ఉన్నాయి, గసగసాలంత. కార్బన్ ఫైబర్ ఎక్స్‌రేలో సరిగా కనపడదు కాబట్టి, ఎక్కడుందో తెలియడానికి టాంటలం అనే లోహంతో గుర్తులు పెడతారట.

మిగతాదీ అప్పుడే చెప్పారు. టైటానియం చెడ్డదేం కాదు, ఎంతోమందికి అదే వేస్తారు. కానీ ఎం.ఆర్.ఐ.లో లోహం చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది, గడ్డ మళ్లీ మొలిచినా ఆ మరకలో కనపడకపోవచ్చు. రేడియేషన్ కిరణాలనూ లోహం చెదరగొడుతుంది, ఎక్కడ ఎంత మోతాదు పడుతుందో లెక్క కట్టడం కష్టం. పక్కనే వెన్నుపాము ఉన్నప్పుడు ఆ లెక్క తప్పితే ఇంకేమైనా ఉందా? అయితే ఈ రాడ్లను టైటానియం వాటిలాగా ఆపరేషన్ టేబుల్ దగ్గర వంచుకోవడానికి వీల్లేదు. కావలసిన వంపు ఉన్నవి ముందే తెప్పించుకోవాలి.

ఇదంతా నన్ను కూర్చోబెట్టి ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అంత నరకం ఉండేది కాదు. మా ఆయనకి చెప్పారట, అదీ ఖర్చు దాకే. వెన్ను నాది కదా? నా కాళ్లు నిలబెట్టిన ఆ చేతులకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను, కానీ ఈ మాట సర్జన్ ముఖం మీదే అన్నాను. "నిజమేనమ్మా," అన్నారు.

రేడియేషన్ రోజుల్లో అన్నం సయించలేదు, నీరసం, అంతే. ఈ గడ్డ జబ్బు మైలోమాగా, అంటే అవే కణాల క్యాన్సర్ ఒంట్లో చాలా ఎముకలకి పాకేదిగా, మారే అవకాశం ఉందట, అందుకని రక్తపరీక్షలు, ఎం.ఆర్.ఐ. నడుస్తూనే ఉంటాయి. రిపోర్టు వచ్చేదాకా టెన్షనే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి వేస్తే డిశ్చార్జి సమ్మరీలో 'కార్బన్ ఫైబర్' అని రాయించుకోండి, లోపల వేసిన వాటి వివరాలుండే ఇంప్లాంట్ స్టిక్కర్ల కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పడుకుంటే పెరిగే వెన్నునొప్పికి కాళ్లు మొద్దుబారడం తోడైతే నూనె గిన్నె పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కాణిపాకం వెళ్లాం, ప్రమాణానికి కాదు, మొక్కు తీర్చుకోవడానికి. స్వామి నా మొర విన్నాడనే నమ్ముతాను. తిరిగొచ్చేటప్పుడు ఆ స్కాన్ సెంటర్ ముందు ఆటో ఆపించి, ఆ కుర్రాడికి ఫిల్మ్‌లో చుక్కలు చూపించాను. "ఓహో, ఇట్లాంటివి కూడా ఉంటాయా మేడం!" అని తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. సారీ చెప్తాడేమోనని కాసేపు నిలబడ్డాను. తర్వాతి టోకెన్ పిలిచాడు.