అలైన్‌మెంట్ రిపోర్ట్ అంతా పచ్చగానే ఉంది, బండి మాత్రం ఎడమకే

బండి ఒక పక్కకి లాగుతోందని ఎవరితోనైనా అని చూడండి. మీ మాట పూర్తవకముందే "అలైన్‌మెంట్ చేయించు" అంటారు, అంటే చక్రాల కోణాలు కొలిపించి సరిచేయించమని. మా నాన్న అన్నారు, కాలేజీలో కొలీగ్స్ అన్నారు, పెట్రోల్ బంకులో గాలి కొట్టే కుర్రాడూ అన్నాడు. ఆ కుర్రాడైతే ఎక్కడ చేయించాలో కూడా చెప్పాడు.

నా చిక్కేమిటంటే, అలైన్‌మెంట్ అప్పటికే అయిపోయింది. బండి మా బాబాయ్‌ది, 2014 వ్యాగన్ ఆర్. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆయన నడపడం మానేశారు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డుకి దగ్గర్లో, వాళ్ల అపార్ట్‌మెంట్ గోడ పక్కన కవరు కప్పుకుని చాలాకాలం అలాగే ఉండిపోయింది. నాకిచ్చే ముందు కొత్త బ్యాటరీ వేయించి, అలైన్‌మెంట్ కూడా చేయించి మరీ పంపారు. ఆ రిపోర్ట్ కాయితం డ్యాష్‌బోర్డు అరలో భద్రంగా మడతపెట్టి ఉంది. అన్ని గళ్లూ పచ్చరంగే, అంటే కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయని.

ఆ బండి మీద పెందుర్తి నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్లొస్తుంటాను. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా 50 కిలోమీటర్ల పొడవున వేసిన ఆరు లైన్ల రోడ్డు అది. ఇలాంటి జబ్బు బయటపడాలంటే అలాంటి రోడ్డే ఉండాలి. గోపాలపట్నం ట్రాఫిక్‌లో ఆటోల మధ్య సందులు వెతుక్కుంటూ పోయేటప్పుడు బండి ఎటు లాగుతోందో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ మాత్రం తెలిసిపోయింది. సబ్బవరం వరకు బాగానే ఉండేది. అది దాటాక స్టీరింగ్ మెల్లిగా ఎడమకి గుంజడం మొదలుపెట్టేది. అనకాపల్లి చేరేసరికి దాన్ని కుడికి పట్టి పట్టి భుజం పీకేది.

నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "స్టీరింగ్ వదిలెయ్యకు తల్లీ, చేతులు ఊరికే ఆనించి ఉంచు. ఎటు పోతుందో దాన్నే చెప్పనీ" అన్నారు. ఎడమకి పోయింది. "కొంత రోడ్డు వాటా కూడా ఉంటుందిలే" అన్నారు.

ఆ మాట నిజమే. నీళ్లు నిలవకుండా మన రోడ్లన్నీ పక్కకి వాలుగా వేస్తారు. తారు రోడ్డుకి ఆ వాలు 2 నుంచి 2.5 శాతం దాకా ఉంటుంది, అంటే మీటరు వెడల్పుకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు. మనం ఎడమ పక్క నడుపుతాం, వాలు కూడా మామూలుగా అటే ఉంటుంది. కాబట్టి ఏ లోపమూ లేని బండి కూడా పట్టు సడలిస్తే కొంచెం ఎడమకే మొగ్గుతుంది. కొత్త కారు కొన్న వారానికే "ఎడమకి పోతోంది" అని షోరూమ్‌కి పరిగెత్తేవాళ్లలో చాలామందిది ఈ కేసే. నాన్న లెక్క ఏమిటంటే, "మెల్లిగా జారితే రోడ్డు, గుంజితే బండి." మాది గుంజుతోంది. "అలైన్‌మెంటే అయ్యుంటుంది" అని తేల్చి, మళ్లీ పేపర్ తీశారు.

ముందు ఖర్చులేని పని చేశాను. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాను. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీదే ఉంటుంది. బంకువాళ్లు అలవాటుగా అన్ని బండ్లకీ ఒకటే నంబర్ కొట్టేస్తుంటారు, అది నమ్మొద్దు. ముందు టైర్లలో ఒకదానికి ఐదారు పీఎస్ఐ తగ్గినా బండి ఆ తగ్గిన వైపుకే లాగుతుంది. నా బండికి రెండూ సమానంగానే ఉన్నాయి.

తర్వాత ఆ రిపోర్ట్ తీసి కూర్చున్నాను. ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని, కోణాలంటే భయం లేదు. అందులో ముఖ్యమైనవి మూడు. టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి మొగ్గాయా, బయటికి మొగ్గాయా అన్నది. క్యాంబర్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పై అంచు లోపలికి వాలిందా, బయటికి వాలిందా అన్నది. క్యాస్టర్ కంటికి కనిపించదు. చక్రం ఏ ఇరుసు మీద పక్కలకి తిరుగుతుందో ఆ ఇరుసు పై కొస కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే మధ్యకి వచ్చేది ఎక్కువగా దానివల్లే.

ఇందులో మనకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ముందు చక్రాల టో తప్పితే బండి సాధారణంగా లాగదు. టైరు అంచు అరిగిపోతుంది, స్టీరింగ్ వంకరగా ఉండి బండి తిన్నగా పోతుంది. లాగాలంటే క్యాంబర్‌లోనో క్యాస్టర్‌లోనో కుడి ఎడమల మధ్య తేడా రావాలి. క్యాంబర్ బయటికి ఎక్కువ వాలిన వైపుకీ, క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకీ బండి పోతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఫ్యాక్టరీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ కొలుస్తారు, ప్రింట్ తీసి ఇస్తారు, కానీ తిప్పడానికి అక్కడ నట్టు ఉండదు. అవి తేడా వచ్చాయంటే ఏదో వంగిందనో, కీలు దగ్గరి రబ్బరు బుష్ అరిగిందనో అర్థం. అంటే "లాగుతోంది" అని వెళ్లినవాళ్లకి చాలాచోట్ల చేసి పంపేది లాగుడుతో పెద్దగా సంబంధం లేని టో. పోనీ రిపోర్ట్ తప్పా అంటే అదీ కాదు. నా కాయితంలో మూడు కోణాలూ రెండు వైపులా దాదాపు ఒక్కటే. కాకపోతే ఆ మిషన్ నిలబడి ఉన్న బండిని కొలుస్తుంది. పావుగంట పరిగెత్తాక ఆ బండి ఏం చేస్తుందో దానికి తెలియదు.

నా బండి జబ్బంతా ఆ పావుగంట తర్వాతే. ఎక్కగానే లాగదు, వేడెక్కాక లాగుతుంది. కోణాలు వేడికి మారవు కదా! ఆ రోజు అనకాపల్లిలో బండి ఆపగానే దిగి ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. (తాకకండి, దగ్గరగా పెడితే చాలు. బ్రేకు పట్టే ఇనుప పళ్లెం, అదే డిస్క్, అయితే చర్మం ఊడొస్తుంది.) కుడి చక్రం గోరువెచ్చగా ఉంది. ఎడమ చక్రం నుంచి సెగ కొడుతోంది, వంగితే కాలిన వాసన. బెల్లం మార్కెట్ వైపు నుంచి వచ్చే వాసన కాదని గట్టిగా చెప్పగలను.

ఈలోపు నాకు ఇంకో సలహా కూడా అందింది. పేరు అనవసరం, ఒక పెద్ద టైర్ల షాపులో బండి చూడకుండానే "లోయర్ ఆర్మ్‌లు రెండూ పోయుంటాయి మేడమ్, మార్చేద్దాం" అన్నారు. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి బండికి కలిపి పట్టి ఉంచే ఇనుప చెయ్యి. పోయుంటే మార్చాల్సిందే, దాని బుష్ అరిగినా బండి లాగుతుంది. కానీ పైకెత్తి, రాడ్ పెట్టి కదిపి, ఇదిగో ఇంత ఆట ఉందని చూపించమంటే చూపించాలి. వాళ్లు చూపించలేదు, నేను ఆగలేదు.

సబ్బవరంలో రేకుల షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి నాన్నే తీసుకెళ్లారు. ఆయన బానెట్ జోలికే పోలేదు. ముందు ప్రశ్నలు వేశారు. "ఎక్కగానే లాగుద్దా అమ్మా, కాసేపయ్యాకా?" కాసేపయ్యాకే మేస్త్రీ గారూ అన్నాను. "బ్రేక్ తొక్కితే ఎక్కువవుద్దా, తగ్గుద్దా?" నేను కాస్త ఆలోచించి, తగ్గుతుంది, గట్టిగా తొక్కితే ఒక్కోసారి కుడికి పోతుంది అన్నాను. నాన్న నావైపు అనుమానంగా చూశారు. మేస్త్రి మాత్రం "అయితే పిన్నులు పట్టేశాయి" అని జాకీ తెమ్మని కుర్రాడిని కేకేశారు.

బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టారు. ముందు కుడి చక్రం పైకి లేపి చేత్తో తోస్తే హాయిగా తిరిగింది. ఎడమది తోస్తే గర్రుమంటూ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. నాకు అప్పటికే విషయం అర్థమైపోయింది, అయినా లోపల చూడాలని అక్కడే నిలబడ్డాను.

వ్యాగన్ ఆర్‌కి ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. డిస్క్‌కి రెండు పక్కలా ఉండే బ్రేక్ ప్యాడ్లని పట్టుకుని ఉండే బిగింపు పేరు క్యాలిపర్. ముందు క్యాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, లోపలి వైపు ఉంటుంది. బ్రేక్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి నొక్కుతుంది. వదిలితే మళ్లీ సర్దుకుంటుంది. ఆ పిన్నులు బిగుసుకుపోతే జరగడమన్నదే ఉండదు. పట్టాల్సినప్పుడు గట్టిగా పట్టదు, అందుకే బ్రేక్ తొక్కితే బండి అవతలి వైపుకి మొగ్గేది. వదలాల్సినప్పుడు పూర్తిగా వదలదు, అందుకే నడిచేటప్పుడు ఇవతలికి గుంజేది. మా నాన్న నమ్మని నా జవాబుకి అర్థం అదీ.

కింది బోల్టు విప్పి క్యాలిపర్ పైకి తిప్పారు. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగిపోయింది, బయటి ప్యాడ్ సగానికి పైగా మిగిలే ఉంది. ఒకే చక్రంలో రెండు ప్యాడ్లకి అంత తేడా ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. పిన్ను చేత్తో రావాలి, రాలేదు. స్పానర్ పెట్టి అటూ ఇటూ మెలితిప్పితే కిర్రుమంటూ ఊడొచ్చింది. మెరుస్తూ ఉండాల్సిన ఇనుము మీద గోధుమరంగు తుప్పు, పైభాగంలో ఎండి నల్లబడిన గ్రీజు. దాన్ని కప్పాల్సిన రబ్బరు బూట్ ఒక పక్క చిరిగి ఉంది. సముద్రపు గాలి, రెండు మూడు వానాకాలాలు, కదలకుండా నిలబడి ఉన్న బండి. తిరిగే బండికి పిన్నులు రోజూ కొంచెమైనా కదులుతాయి కాబట్టి తుప్పు అంత సులువుగా పట్టదు.

కుడివైపు కూడా విప్పించాను. అక్కడ పిన్నులు గట్టిపడుతున్నాయి గానీ ఇంకా కదులుతున్నాయి. రెండు వైపులా కొత్త పిన్నులు, బూట్లు, ప్యాడ్లు వేశారు. ప్యాడ్లు ఒక వైపే మారిస్తే ఆ తేడాకి మళ్లీ లాగుడు మొదలవుతుంది, కాబట్టి మార్చితే జతగానే మార్చాలి. పిన్నులకి రాసే గ్రీజు కూడా బ్రేకుల కోసం చేసిందే కావాలి. బేరింగులకి వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోయి మళ్లీ పిన్ను పట్టేస్తుంది. మేస్త్రి చిన్న ట్యూబ్ తెప్పించి, పిన్ను చుట్టూ పల్చగా పూశారు. పిస్టన్‌ని సీ క్లాంప్‌తో వెనక్కి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, పొంగుతుందేమో చూడమని కుర్రాడికి చెప్పారు. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పిస్టన్ మెత్తగానే వెనక్కి వెళ్లింది. అది మొరాయించి ఉంటే క్యాలిపర్‌నో, ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం బ్రేక్ హోస్‌నో అనుమానించాల్సి వచ్చేదట. హోస్ లోపల ఉబ్బితే ఆయిల్ వెళ్తుంది గానీ తిరిగి రాదు, అప్పుడూ బ్రేక్ ఇలాగే పట్టుకుని ఉండిపోతుంది. చక్రాలు బిగించాక, బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కించారు. పిన్నుల సామాను ఖర్చు వందల్లోనే తేలిపోయింది, ప్యాడ్లకీ మజూరీకీ కలిపి అంతకంటే ఎక్కువైంది.

గుంజుడు పోయింది. కానీ పూర్తిగా కాదు. రోడ్డు వాలుకి మించి ఇంకా ఏదో ఎడమకి మొగ్గు, ఈసారి ఎక్కగానే ఉంది, బ్రేకుతో సంబంధం లేదు. మేస్త్రి ముందు టైర్లు రెండూ కుడి ఎడమలు మార్చేశారు. టైరు పక్కన తిరిగే దిశ చూపిస్తూ బాణం గుర్తుంటే అలా మార్చకూడదు, వీటికి లేదు. ఈసారి బండి కుడికి మొగ్గింది! టైరుతో పాటు లాగుడు కూడా పక్క మారిందంటే తప్పు టైరులోనే ఉంది, బండిలో లేదు.

రేడియల్ టైర్లలో ఇది ఉండే సంగతే. రబ్బరు లోపల ఉండే ఉక్కు తీగల పట్టీలు, అంటే బెల్టులు, తయారీలోనే ఇసుమంత పక్కకి కూర్చున్నా, టైరు ఒక అంచున కాస్త సన్నంగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. టేబుల్ మీద పేపర్ టీ కప్పుని దొర్లిస్తే తిన్నగా పోకుండా చుట్టు తిరుగుతుంది కదా, అలాగన్నమాట. కంటికి కనిపించదు, మామూలు బ్యాలెన్సింగ్ మిషన్ మీదా దొరకదు. అసలు నా ముందు టైర్లు జతవే కావు. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ఒకదాని మీద 3118, అంటే 2018లో 31వ వారం. రెండోదాని మీద 0922. బాబాయ్ ఎప్పుడో ఒకటి పగిలితే ఒకటే మార్పించారన్నమాట. ముందువి రెండూ వెనక్కి, వెనకవి ముందుకి వేయించాక మొగ్గు మామూలు స్థాయికి వచ్చింది. వెనక చక్రానికి ఈ లోపం ఉన్నా స్టీరింగ్‌కి పెద్దగా తెలియదు. 2018 టైరుకి ఎలాగూ వయసైపోయింది, జీతం పడగానే రెండు కొత్తవి వేయిస్తాను, జతగా.

మళ్లీ అలైన్‌మెంట్ మాత్రం చేయించలేదు. స్టీరింగ్ తిన్నగా ఉంది, టైర్ల అంచులు సమానంగా అరుగుతున్నాయి, సస్పెన్షన్‌లో ఏదీ విప్పలేదు. లోయర్ ఆర్మో, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండో మార్చినప్పుడు, పెద్ద గుంతలో దబ్బున పడినప్పుడు తప్పకుండా చేయిస్తాను. సర్వీసుకి ఇచ్చేటప్పుడు మాత్రం ఇప్పుడు ఒకటే అడుగుతున్నాను: ముందు బ్రేకులు విప్పి, పిన్నులు తీసి గ్రీజు పెట్టారా? "బ్రేక్ క్లీనింగ్" అని బిల్లులో రాసేస్తారు, చాలామంది చక్రం విప్పి గాలి కొట్టి మూసేస్తారు. పిన్ను బయటికి తీశారో లేదో బిల్లు చూస్తే తెలియదు, షెడ్డులో నిలబడి చూడాల్సిందే.