రికార్డింగులో వినిపించిన నేను

గత వేసవిలో అమ్మ చేత ఆవకాయ కొలతలు చెప్పించి ఫోనులో రికార్డు చేశాను. ఏటా ఆవిడ కలిపి జాడీకెత్తి ఇవ్వడం, మేము తినడమే తప్ప ఆ చేతి లెక్క ఇంట్లో మరెవరికీ తెలియదు. ఆవిడకు ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి కాబట్టి, అది కాగితం మీదికి ఎక్కాలన్నది నా ఆరాటం. నెల రోజుల తరువాత రాసుకోవడానికి కూర్చుని ఆ రికార్డింగు విన్నాను. కొలతలు దొరికాయి, కానీ వాటితో పాటు వినిపించిన నా మాటతీరును నేను అంతకు ముందెన్నడూ ఎరగను.

"తవ్వ కారానికి తవ్వ ఆవపిండి, ఉప్పు మాత్రం కాస్త తగ్గించి..." అని అమ్మ చెబుతూ ఉండగానే "కాస్త అంటే ఎంత?" అని అడ్డుపడ్డాను. "మా నాన్న ఉన్న రోజుల్లో కాయలన్నీ దగ్గరుండి తుడిపించేవాడు, ఒక ఏడు ఏమైందంటే..." అని ఆవిడ మొదలుపెట్టింది. "సరేనమ్మా, నూనె ఎంత?" అన్నాను. రెండు క్షణాలు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "ముక్క మునిగేదాకా" అన్న జవాబులో అంతకు ముందున్న ఉత్సాహం లేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టి లెక్కపెట్టుకుంటే, 22 నిమిషాల్లో 17 సార్లు ఆవిడ మాట పూర్తి కాకముందే నేను మాట్లాడాను.

ఎదుటివారు చెప్పేది ఓపికగా వింటానన్నది నా గురించి నేను మనస్ఫూర్తిగా నమ్మిన విషయాల్లో ఒకటి. అందుకే కాబోలు, ఆ మాటలు చెవిన పడగానే నా మనసు కారణం వెతికి పెట్టింది: ఆ రోజు రైలుకు వేళవుతోంది, అందుకే తొందరపడ్డాను. తీరా టిక్కెట్టు తీసి చూస్తే ప్రయాణం మర్నాటి సాయంత్రానికి. నేను అబద్ధమాడాలనుకోలేదు, ఆ కారణం నాకు నిజంగానే గుర్తున్నట్టు తోచింది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఇలాంటి సంగతే ఉంది. నాలుగు జతల నైలాన్ మేజోళ్లను వరుసగా పెట్టి, వాటిలో నాణ్యమైనది ఏదో చెప్పమని కొనుగోలుదారులను అడిగారు. కుడి చివరి జతను 40 శాతం మంది ఎంచుకోగా, ఎడమ చివరి దానిని ఎంచుకున్నవారు 12 శాతమే. నిజానికి నాలుగు జతలూ ఒకటే. అది ఉన్న చోటు వల్ల ఎంచుకున్నామని ఎవరూ తమంతట తాము చెప్పలేదు, ప్రత్యేకంగా అడిగినా దాదాపు అందరూ కాదన్నారు. మనం ఏదైనా ఎందుకు చేశామని లోపలికి చూసుకుంటే కనిపించేది చాలాసార్లు అసలు కారణం కాదనీ, అప్పటికప్పుడు నమ్మదగినట్టుగా అల్లుకున్న కథ అనీ నాకు ఆ ప్రయోగం వల్ల అర్థమైంది.

అందుకే "నేనెందుకిలా ఉన్నాను" అనే ప్రశ్నను పక్కన పెట్టి, ఎవరితో మాట్లాడినప్పుడు ఏం చేశానన్నది మాత్రమే ఒక చిన్న పుస్తకంలో ప్రతి రాత్రీ రాయడం మొదలుపెట్టాను. మూడు వారాల రాతలు ఒక్కసారిగా చదివినప్పుడు బయటపడిన విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. అమ్మ మాటకు అడ్డుపడ్డాను, ఆఫీసులో నాకన్నా చిన్నవారి మాటకు అడ్డుపడ్డాను, పై అధికారి మాటకు మాత్రం ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. తొందర నా స్వభావమే అయితే అక్కడ కూడా కనిపించాలి కదా! ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో నేను ముందే తూచి పెట్టుకుంటున్నానన్న మాట.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, ఇతరులతో మనకున్న సంబంధమే మనల్ని మనకు చూపించే అద్దమని జీవితమంతా చెబుతూ వచ్చారు. కనిపించినదాన్ని ఖండించకుండా, సమర్థించుకోకుండా చూడమన్నది కూడా ఆయన మాటే. సమర్థించుకోవడం మానడం కన్నా ఖండించుకోవడం మానడమే నాకు కష్టంగా ఉంది. కొన్నాళ్లు నన్ను నేను తిట్టుకుంటూ తిరిగాను, అయితే ఆ రోజుల్లో కూడా ఆలోచనంతా నా చుట్టూనే తిరిగింది తప్ప అమ్మ దగ్గరికి వెళ్లలేదు.

ఒక సాయంత్రం నా భార్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, నేను మాట వింటానా అని అడిగాను. చేతిలో పని ఆపకుండానే "పిల్లలు ఏ విషయమైనా ముందు నాకే చెప్పి, మీకు నన్ను చెప్పమంటారు. ఎందుకో ఎప్పుడైనా అడిగారా?" అంది. జవాబు నోటిదాకా వచ్చింది. ఆపుకుని ఆ మాటను అలాగే పుస్తకంలోకి ఎక్కించాను.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు "అమ్మా, తాతయ్య గురించి అప్పుడేదో చెప్పబోయావు" అన్నాను. "ఏమో నాన్నా, అప్పుడు గుర్తొచ్చింది, ఇప్పుడు రావడం లేదు" అంది. ఏమీ అడగకుండా పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ మామిడికాయల ఊసు కాకుండా, తన చిన్నతనంలో పెరటి బావి ఎండిపోయిన ఏడు సంగతి మొదలుపెట్టింది.