ఆయాసం ఉన్న మా నాయనకు మర్దన: నా అనుభవం

మా నాయన మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీగా బతుకంతా బస్తాలు మోశాడు. ఆ దుమ్ముకు తోడు బీడీ. ఊపిరితిత్తుల పనిని గాలి ఊదించి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేశాక సీఓపీడీ అని తేల్చారు, అంటే గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాల జబ్బు. ఇన్హేలర్లు మొదలయ్యాయి, బీడీ మానేశాడు, దగ్గు కొంత నెమ్మదించింది. కానీ పొద్దుగూకేసరికి మెడ, భుజాలు పట్టేసి తల పక్కకు తిప్పలేకపోయేవాడు. "బిడ్డా, దమ్ము సంగతి తర్వాత, ముందు ఈ మెడ గుంజుడు ఆగేటట్టు చూడు" అనేవాడు.

మా బాబాయి వాళ్లు తెలిసిన మాలిష్ ఆయనను ఇంటికి పిలిపించారు. ఆయన మంచి మనసుతోనే వచ్చాడు గానీ, నాయనను బోర్లా పడుకోమని కర్పూరం కలిపిన నూనెతో వీపు మీద బరువంతా పెట్టి రుద్దాడు. కాసేపటికే నాయన లేచి మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి ఊపిరికి కొట్టుకున్నాడు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్ వేలికి పెడితే 84 శాతం. ఇన్హేలర్ కొట్టించి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలమని పక్కనే కూర్చుంటే, చాలాసేపటికి ఎప్పుడూ ఉండే 91కి వచ్చింది. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

ఆ తర్వాత నల్లగొండలో ఛాతీ డాక్టర్‌ను అడిగి ఫిజియోథెరపిస్టు మేడమ్ దగ్గరికి వెళ్లాం. మెడ ఎందుకు పట్టేస్తుందో నాకు అక్కడే అర్థమైంది. మామూలుగా ఊపిరి పనిలో ఎక్కువ భాగం డయాఫ్రమ్‌దే, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరానిది. సీఓపీడీలో గాలి పూర్తిగా బయటికి పోక లోపలే నిలిచిపోతుంది, ఛాతీ ఉబ్బుతుంది, డయాఫ్రమ్ చదునైపోయి సరిగా కదలదు. అప్పుడు మెడ, భుజాల కండరాలు పక్కటెముకలను పైకి లాగే పని నెత్తినేసుకుంటాయి. నాయన ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ పక్కన మోకు తాడులా లేచే కండరం అదే. మర్దనతో ఊపిరితిత్తులు బాగుపడవని, మందులు మానొద్దని, అలసిన ఆ కండరాలకు ఉపశమనం మాత్రం దొరుకుతుందని మేడమ్ ముందే ఖచ్చితంగా చెప్పారు. నాకు ఆ మాట మీదే నమ్మకం కుదిరింది.

స్టెరాయిడ్ మాత్రలు ఎన్నాళ్లు వాడాడు, రక్తం పలచబడే మందులున్నాయా, పిక్కల్లో వాపు ఉందా అని అడిగాకే చెయ్యి వేశారు. స్టెరాయిడ్లు చాలాకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, చర్మం పలచబడుతుంది, గట్టిగా నొక్కితే పక్కటెముక విరగొచ్చు కూడా.

టేబుల్ మీద రెండు దిండ్లు పెట్టి, వాటి మీద చేతులు, తల ఆనించి ముందుకు వంగి కూర్చోబెట్టారు. ఆ భంగిమతోనే సగం ఆయాసం తగ్గింది. మెడకూ భుజానికీ మధ్య కండ ఉంటుంది కదా, దాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య పట్టుకుని, ఆయన గాలి వదిలేటప్పుడు మెల్లగా పిండాలి, పీల్చేటప్పుడు వదలాలి. మొదట్లో నా చెయ్యి తొందరపడేది, మేడమ్ తన చెయ్యి నా చేతి మీద పెట్టి ఆయన ఊపిరితో కలిపారు. పక్కటెముకల మీద అరచేయి పరిచి జరపడమే, నొక్కడం లేదు. గొంతు ముందువైపు, నాడి కొట్టుకునే చోట అసలు ముట్టుకోకూడదు.

"వీపు మీద చరిస్తే గళ్ళ ఊడొస్తది గదా మేడమ్?" అని మా అత్తమ్మ అడిగింది. కఫం బాగా ఉండే బ్రాంకియెక్టాసిస్ లాంటి జబ్బుల్లో డాక్టర్ చెబితే చేస్తారట, నాయనకు మాత్రం ఆయాసమే పెరుగుతుందన్నారు. బదులుగా, అద్దం మీద ఆవిరి పట్టేలా నోరు తెరిచి 'హా' అని గాలి వదలడం నేర్పారు.

ఇంట్లో టిఫిన్‌కు ముందు, ఇన్హేలర్ తీసుకున్న పావుగంటకు చేస్తాను. ఘాటు వాసనలేవీ ఉండవు, కొద్దిగా నువ్వుల నూనె అంతే. ఆక్సీమీటర్ వేలికే ఉంటుంది, 88 కంటే తగ్గితే ఆపేస్తాను. నాయనకు ఆక్సిజన్ మిషన్ లేదు, ఉన్నవాళ్లయితే ముఖం దగ్గర నూనె, వ్యాసెలీన్ పూయకూడదు, గదిలో దీపం, అగర్‌బత్తి వెలిగించకూడదు. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా ఆరోజు మర్దన లేదు, నేరుగా ఆస్పత్రికే.

స్పైరోమెట్రీ అంకెలు మారలేదు, మారతాయని ఎవరూ చెప్పలేదు కూడా. కానీ ఇప్పుడు తల తిప్పి పక్కింటాయనతో మాట్లాడతాడు, గడ్డం తనే గీసుకుంటాడు, రాత్రి మెడ నొప్పికి లేవడం తగ్గింది. నేను ఊర్లో లేనప్పుడు ఆగిపోకూడదని తమ్ముడికి కూడా నేర్పుతున్నాను. వాడి చెయ్యి బరువు, నాయన ఇంకా ఒప్పుకోలేదు.