ఆదివారం కోర్టు ఏమిటండీ?

గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్న రెండు రోజులు సొంత ఇంట్లోనే బందీగా ఉన్నాడు. తలుపుకి గడియ కూడా వెయ్యలేదు, ఎదురుగా వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న ఒకడు, అంతే. ఆయన ఆధార్‌తో ఎవరో మనీ లాండరింగ్ చేశారట, కాల్ కట్ చేస్తే అరెస్టట. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా 'సార్, వెళ్లొచ్చా' అని అడిగి, ఫోన్ పట్టుకునే వెళ్లేవాడు. రిటైర్డ్ హెడ్మాస్టర్, ఊరంతటినీ గడగడలాడించిన మనిషి!

ఇలా వీడియో కాల్‌లో బెదిరించి కదలనివ్వకపోవడాన్నే డిజిటల్ అరెస్ట్ అంటున్నారు, అసలు మన చట్టంలో అలాంటిదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు. పెదనాన్న అది విన్నాడు కూడా. కానీ ఈ మోసగాళ్లు ముందు చేసే పని మనిషిని ఒంటరిని చెయ్యడం: 'ఇంట్లో చెబితే వాళ్లూ ముద్దాయిలే' అంటారు, నిద్రపోనివ్వరు, ఇక వాళ్ల మాటే లోకం అయిపోతుంది.

ఆదివారం పొద్దున 'జడ్జిగారి ముందు హాజరు పరుస్తాం, చొక్కా మార్చుకో' అన్నారట. ఇస్త్రీ చొక్కా అడిగితే పెద్దమ్మ చేతిలో అట్లకాడతోనే వచ్చి, 'ఆదివారం కోర్టు ఏమిటండీ?' అంది. ఆయన కాసేపు ఆవిడ వంక, కాసేపు ఫోన్ వంక చూశాడట. స్క్రీన్ మీద వాడు అరుస్తూనే ఉన్నాడు. ఈయన మాత్రం క్లాసులో అల్లరి పిల్లాణ్ణి అడిగినట్టు, 'ఏ స్టేషన్‌రా నీది?' అన్నాడు. కాల్ కట్.

వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. డబ్బు పోలేదు. పెద్దమ్మ మాత్రం రెండు రోజులు తనకి చెప్పనందుకు ఇంకా అలిగే ఉంది.